చేపవేషము

విశాఖపట్టణపు పాతయూరిలో మార్గశిరమాసము వచ్చినదనగా గురువారమునాడు పిల్లలను బడికి వేళకు చేర్చుట దుర్ఘటము. బురుజుపేట కనకమహాలక్ష్మీ అమ్మవారి దర్శనమునకు తెల్లవారకమునుపే జనులు వరుసలు కట్టి నిలుచుందురు. ఆ తల్లి తలపైని కప్పు లేదు. ఎండకును వానకును తానే యోర్చుకొని యుండును. ఆ జనసమ్మర్దములోనుండి, వీథిలోని పసుపునీళ్లలోనుండి, మా యమ్మాయి తెల్ల మేజోళ్లు తడియకుండ దాని నెత్తుకొని మేము కాన్వెంటు బడి గేటు చేరునప్పటికి ప్రార్థన గంట మ్రోగియే యుండును. గేటుకడ నుండు ముసలి కావలివాడు మా వంక చూచి, "గురువారమమ్మా, ఈ నెలంతా ఇంతే" అని లోపలికి పోనిచ్చును. ఆలస్యమైన పిల్లలకు చీటీ వ్రాసెడి పంతులమ్మగారు సైత మీ నెల గురువారములలో కలము తీయరు. ఈ నియమ మే పుస్తకములోను వ్రాసి లేదు.

ఇదే కాలమున రాస్ కొండమీది మరియమాత దేవళమునకు మెట్లెక్కెడివారును మెండు. వారిలో బొట్టు పెట్టుకొన్న స్త్రీలు తక్కువవారు కారు. రేవు ముఖద్వారమున మూడు గుట్టలు ప్రక్కప్రక్కనే యున్నవి: ఒకదానిమీద ఈ దేవళము, ఒకదానిమీద ఇషాక్ మదీనా దర్గా, ఒకదానిమీద వేంకటేశ్వరస్వామి కోవెల. చుట్టములు వచ్చినప్పుడు మేమును వీనిని చూపి గొప్పగా చెప్పుదుము. మేము చెప్పదలచినది మాత్ర మా కొండల సంగతి కాదు; వాని క్రింది బడిలో ఈ నెలలో జరిగినదియు, వచ్చు శుక్రవారమున జరుగబోవునదియు నగు నొక చిన్న విషయము.

ఈ యూర కాథలిక్ బడుల చరిత్ర రేవు చరిత్రకంటె పాతది. ఫ్రాన్సిస్ డి సేల్స్ సభకు చెందిన గురువులు ఆనెసీ యను పట్టణమునుండి బయలుదేరి 1846 లో విశాఖపట్టణము చేరిరి. ఆనెసీ సవాయ్ సీమలోనిది. ఆ సీమ యప్పటి కింకను ఫ్రాన్సుదేశములో గలియలేదు, 1860 లో గలిసినది. వారు వచ్చిన మరుసటి యేడు, 1847 లో, సెయింట్ అలోషియస్ పాఠశాల పుట్టినది. అనగా నది వీరేశలింగముపంతులుగారికంటె నొక యేడు పెద్దది. ఆ ఆనెసీనుండియే సెయింట్ జోసఫ్ సోదరీమణులు 1849 లో మన దేశమునకు వచ్చి ఆడపిల్లల చదువునకు బూనుకొనిరి. పంతులుగారు ధవళేశ్వరమున బాలికాపాఠశాల పెట్టినది 1874 లో నని జ్ఞాపకముంచుకొన్నచో, ఈ విదేశస్త్రీల పూనిక యెంత ముందటిదో తెలియును. ఓడరేవు 1933 లో తెరువబడినది. ఓడల నిర్మాణశాలకు 1941 లో పునాది పడినది. ఉక్కు కర్మాగారమునకు 1971 లో శంకుస్థాపన మైనది. ఈ మూడును వచ్చినకొలది ఎక్కడెక్కడి యుద్యోగులో, కూలీలో ఊర దిగి, పిల్లల చేయి పట్టుకొని ఈ బడుల గేట్లముందు నిలువజొచ్చిరి. మా మామగారు రేవులో గుమాస్తాగా జేరిన దినములలో మా యింటివారి నట్లే తీసికొనిపోయి నిలువబెట్టిరట.

మా యమ్మాయి చదువు బడి ఆ పాత పేరుగలవానిలోనిది గాదు, చిన్నది. అయిదు తరగతులు, ఒక వేపచెట్టు, ఆ చెట్టుక్రింద నీలిరంగు వెలసిన మాతావిగ్రహము. ఏడు పొడుగునను ఏదో యొక వేడుక. బళ్లు తెరచిన కొలది దినములకే జూను 21 న అలోషియస్ పునీతుని పండుగ. ఈయన 1591 లో రోమునగరమున మహామారి తగిలిన రోగులకు సేవచేయుచు తానును రోగగ్రస్తుడై యిరువదిమూడేండ్లకే మరణించినవాడు. కరోనా వచ్చి పోయిన తరువాత ఈ కథ చెప్పినపుడు పిల్లలు మునుపటికంటె శ్రద్ధగా వినుచున్నారని పంతులమ్మగారు చెప్పిరి. పిమ్మట స్వాతంత్ర్యదినము, గురువుల దినము, బాలల దినము. తుదకు క్రిస్మసుకు ముందు వార్షికోత్సవము.

జూలై 26 న మరియమాత తల్లిదండ్రులైన యోవాకీము, అన్నమ్మల పండుగ. ఆ సందర్భమున తాతలను అవ్వలను బడికి పిలుతురు. మా యత్తగారు మొదట రామని భీష్మించిరి. దానికి కారణము వేఱు. అంతకు వారము ముందు మా యమ్మాయి తులసికోట యెదుట నిలిచి, బడిలో చూచినట్లు నుదుటను రొమ్మునను భుజములను తాకుకొని సిలువగుర్తు వేసికొని, ఆ వెంటనే ప్రదక్షిణము చేసినది. ఆమె గుండె గుభేలుమన్నది. మా యింటివారు భారతరాజ్యాంగమును తీసి ఇరువదియెనిమిదవ అధికరణమును చదివి వినిపించిరి: ప్రభుత్వపు గుర్తింపు గాని ధనసహాయము గాని పొందు బడిలో, ఇష్టములేనివారిని మతబోధకు కూర్చుండబెట్టరాదు, పిల్లలైనచో సంరక్షకుల సమ్మతి వలయును. "దాని నెవరును కూర్చుండబెట్టలేదు నాయనా, అదే కూర్చున్నది" అని మా యత్తగారు బదులు చెప్పిరి. దీనికి రాజ్యాంగములో సమాధానము మాకు దొరకలేదు. ఎట్లో బయలుదేరదీసితిమి. చిన్నపిల్లల కుర్చీలో మోకాళ్లు గడ్డమునకు తగులునట్లు కూర్చుండి, ఆంగ్లములో జరిగిన యుపన్యాసమును మౌనముగా భరించి, పిదప కేరళమునుండి వచ్చిన ప్రధానోపాధ్యాయిని సిస్టరుగారితో ఆవకాయకు ఎండ యెన్నిదినములు కావలెనో యను విషయమై గంటసేపు మాటాడి వచ్చిరి. తులసికోట సంగతి మఱల నెత్తలేదు.

ఇక అసలు సంగతి. ఈ యేటి వార్షికోత్సవమున రెండవతరగతి పిల్లలు సముద్రమును గూర్చిన నృత్యము చేయవలెనని నిర్ణయమైనది. నలువదిమంది పిల్లలలో కొందఱు అలలు, కొందఱు చేపలు, ఇద్దఱు తాబేళ్లు. మా యమ్మాయి ఒక తాబేలు. వేషములు బాడుగకిచ్చు దుకాణదారుడు తలకు తొమ్మిదివందల రూపాయలని చెప్పెను. దీనినిగూర్చి తల్లులను సమావేశపఱచిరి. తరగతి పంతులమ్మగారు విషయము చెప్పి, "ఎవరికైన అభ్యంతరము కలదా?" అని యడిగిరి. అట్టి ప్రశ్న లడుగునది అభ్యంతరము లేదని యనిపించుకొనుటకే యని సభలకు పోవువారందఱకు తెలియును.

వెనుక గోడకు చేరగిలి నిలిచిన యొక యమ్మ చేయి యెత్తెను. చేపల రేవున వేలములో చేపలు కొని తట్టలో అమ్ముకొను నామె; భర్త పడవమీద పోవును. "అమ్మా, మా గుంటడు చేపవేసం ఏస్తానని గోల సేస్తన్నాడు. తొమ్మిదొందలంటే నాకు కుదరదు. పాతచీరతో నేనే కుట్టి తెస్తే ఒప్పుకుంటారా?" అని యడిగెను. పంతులమ్మగారు కఠినురాలు కారు. అయినను, వీడియో తీయుదురనియు, అందఱును ఒక్కతీరుగా నుండకున్న బాగుండదనియు చెప్పిరి. ముందువరుసలో ఎవరో నవ్విరి. ఆ నవ్వు ఆమెను గూర్చియో, వేఱొక మాటను గూర్చియో మేము నిశ్చయముగ చెప్పలేము. ఆమె మఱి మాటాడలేదు. "అయితే ఆడు ఈసారికి సూస్తాడులెండి" అని తట్ట నెత్తికెత్తుకొని వెడలిపోయెను.

సముద్రమును నిత్యము చూచు పిల్లవాడు సముద్రపు నృత్యమున లేకపోవుట యెట్టిదో మాకు అప్పుడే తోచినది. తోచియు మేము నోరు మెదపలేదు. ఏల? మా చేతిలో తొమ్మిదివందలు సిద్ధముగ నుండెను గనుక. మా తాబేలు డిప్ప అద్దములతో మిలమిల మెఱయునని ముందునాడే చిత్రము చూచి సంతోషించితిమి గనుక. స్త్రీవిద్యయనియు సమానత్వమనియు పత్రికలకు వ్యాసములు పంపెడి మేము, ఒక మాట చాలునప్పుడు, చేతిసంచిలో తాళపుచెవులు వెదకికొనుచు కూర్చుంటిమి. దీనిని వ్రాయుట కిప్పుడును సిగ్గుగానే యున్నది.

ఆ రాత్రి మా యమ్మాయి, "వాడు లేకపోతే నా ప్రక్క ఎవరు ఈదుతారు?" అని యడిగినది. మా యింటివారు వెంటనే, ఆ పిల్లవాని సొమ్ము మనమే కట్టుద మనిరి. మాకును అది సులభముగ తోచినది. మఱునాడుదయము చేపల రేవునకు పోయి ఆమెతో నామాట చెప్పితిమి. ఆమె మంచుపెట్టెకు మూతవేయుచు, కోపము లేకయే, ఇట్లనెను: "మా గుంటడి ఫీజు నానే కడతన్నానమ్మా. వేసం మీరు కొనిస్తే, ఆడు రేపు మీ పిల్ల పక్కన ఎప్పట్లాగ కూకోగలడా?" మేము తెచ్చిన నోట్లు మా సంచిలోనే యుండిపోయినవి. దానము చేయువాని సౌఖ్యమునుగూర్చి మేము పుస్తకములలో చదివినది చాల గలదు. పుచ్చుకొనువాని ప్రక్కను కూర్చుండు పిల్లనుగూర్చి యెవరును వ్రాసినట్లు జ్ఞాపకము లేదు.

ఇచ్చట చట్టమును గూర్చి యొక మాట చెప్పక తప్పదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రైవేటు బడులలో నూటి కిరువదియైదు స్థానములు పేదపిల్లలకు ప్రత్యేకించినది. అయినను 2014 లో సర్వోన్నత న్యాయస్థానపు రాజ్యాంగధర్మాసనము, ముప్పదవ అధికరణము క్రింది యల్పసంఖ్యాకుల విద్యాలయములకు ఆ చట్టము వర్తింపదని తీర్పు చెప్పినది. ఆ తీర్పు సరియో కాదో మఱల చూడవలెనని 2025 లో వేఱొక ధర్మాసనము సందేహము వెలిబుచ్చినది. అల్పసంఖ్యాకులు తమ బడులను తామే నడుపుకొను హక్కును మేము గౌరవింతుము. అది లేకున్న ఈ బడి లేదు. కాని దాని ఫలమేమనగా, ఇట్టి బడిలో బీదపిల్ల నిలుచుట చట్టముచేత గాక, ఆ బడివారి మనసుచేతను, మావంటి తల్లిదండ్రుల మనసుచేతను జరుగవలసియున్నది. చట్టమునకు జ్ఞాపకశక్తి యుండును. మనసునకు ఎప్పటికప్పుడు జ్ఞాపకము చేయవలెను.

కనుక మేము సిస్టరుగారిని చూడబోతిమి. సమావేశమునాడు ఆమె ఫోను వచ్చి బయటికి పోయియుండిరట. చేపలమ్మ అడిగినది ఆమె చెవిని పడనేలేదు. మేము జరిగినదియు, మేము పలుకకుండుటయు రెండును చెప్పితిమి. ఆమె కొంతసేపు బల్లమీది గాజుగోళమును త్రిప్పుచు నుండి, తమ తండ్రియు కొల్లము దగ్గఱ పడవమీద పోవువాడే యనియు, చిన్ననాడు బడి నాటకమున తాము దేవదూత కాలేకపోయినది రెక్కలకు డబ్బులేకయే యనియు చెప్పిరి. పిమ్మట లెక్కలపుస్తకము తీసిరి. మూడు, నాలుగు, అయిదు తరగతుల సొమ్ము దుకాణదారునకు చెల్లిపోయినది. దానికి చేయగలది లేదు. రెండవతరగతి వేషములకు ఇచ్చిన బయానా పోయినను పోవుగాక, పిల్లలచేతను తల్లులచేతను అట్టలతో, పాతబట్టలతో చేయింపవచ్చు ననిరి. "అయితే చేయించు పని మీది" అని మాకే యప్పగించిరి. పలుకనందులకు శిక్ష యనుకొన్నాము.

ఈ వార్త తల్లుల వాట్సాప్ సంఘమున పడగానే గగ్గోలు పుట్టినది. వేలకువేలు ఫీజు కట్టి పిల్లలను పాతగుడ్డలతో రంగమెక్కింతుమా యని యొకరు. ఒక్కరికొఱకు నలువదిమంది ముచ్చట చెఱుపవలెనా యని యొకరు. ఈ రెండవమాటలో న్యాయము లేకపోలేదు. వారి ముచ్చటయు ముచ్చటయే. మేము వాదింపలేదు, వచ్చువారు రావచ్చునని మాత్రము వ్రాసితిమి. పదునొకండుగురు వచ్చిరి. ఇద్దఱు స్నేహితురాండ్రు మాతో మాటాడుట మానిరి; వారి పిల్లల వేషములను మేమే కుట్టుచున్నాము.

పదిదినములుగా మా వీథివాకిలి సముద్రమైనది. అట్టపెట్టెలు తాబేటిడిప్పలైనవి, మా యింటివారి నీలిపంచె రెండు అలలైనది. మొన్న సాయంకాలము ఆ చేపలమ్మ పనిముగించుకొని కొడుకును వెంటబెట్టుకొని వచ్చెను. మేము గర్వముతో ఆఱబెట్టిన చేపలను వరుసగా చూచి, నోటికి కొంగు అడ్డుపెట్టుకొని, "ఇది ఏ చేపమ్మా?" అని యడిగెను. మేము చేప యంటిమి. "వంజరానికి తోక ఇలాగుండదు. చందువకి ఒళ్లు ఇంత పొడుగుండదు. మీరు రెండిటినీ కలిపేసినారు" అని చెప్పి, క్రింద చదికిలబడి, కత్తెర తీసికొని ఒక్కొక్క తోకను నడుమ చీల్చి వంజరమును చేయసాగెను. ఆమె కొడుకు ప్రక్కను కూర్చుండి, ఏ చేప ఏ లోతున దిరుగునో మా యమ్మాయికి చెప్పుచుండెను. తాబేలు గ్రుడ్లు పెట్టుటకు ఇసుకకు వచ్చునని కూడ చెప్పెను. అప్పటినుండి మా యమ్మాయి తనకు గ్రుడ్లు కావలెనని పేచీ పెట్టుచున్నది. మా యత్తగారు నిమ్మకాయలు తెచ్చి యిచ్చిరి.

ఉత్సవము వచ్చు శుక్రవారము సాయంకాల మయిదుగంటలకు. దీపములు చీకటిపడకముందే వెలిగింతురట. పోవునప్పుడు చేపలమ్మ గుమ్మమున ఆగి, ఏ గేటునుండి రావలెననియు, అంతయు ఇంగ్లీషులోనే యుండునా యనియు అడిగెను. ఉండునని చెప్పితిమి. "అయితే నాకు తెలీదే" అనెను. మా యత్తగారు నిమ్మకాయలు లెక్కపెట్టుచునే, "నాకును తెలియదమ్మా. వచ్చి నా ప్రక్కన కూర్చో" అని చెప్పిరి.