గొంతునకు తగిన శ్రుతి

పాట వచ్చిన స్త్రీలు మన యిండ్లలో ఎందరో కలరు. కాని వయసు మీరినకొలది పాట మానుకొనువారే వారిలో ఎక్కువ. కారణమడిగినచో "గొంతు పోయినదమ్మా" అందురు. గొంతు నిజముగా పోయినదా, లేక కొంచెము క్రిందికి దిగినదా యని విచారించువారు అరుదు. ఈ భేదమును నాకు తెలియజేసినది గొప్ప వాద్యమేమియు కాదు. మూరకు కొంచెము మించిన యుకులేలెయు, దాని మెడకు తగిలించు కేపో యను చిన్న పరికరమును.

యుకులేలె మన దేశమున పుట్టినది కాదు. 1879 ఆగస్టులో రావెన్స్‌క్రాగ్ అను ఓడ పోర్చుగీసువారి మడీరా ద్వీపమునుండి చెరకుతోటల పనికై కొందరిని హవాయిలోని హొనొలులు రేవునకు చేర్చెను. అందు వచ్చిన మాన్యుయెల్ నూనెష్ మొదలగు కొయ్యపనివారు తమ నాటి చిన్న గిటారు వంటి వాద్యమును అచటి కొయ్యతో చేయసాగిరి. అదియే యుకులేలె యైనది. కలకౌవా రాజు దానిని మిక్కిలి ఆదరించెను. ఆ పేరునకు "గెంతు పురుగు" అని జనులు అర్థము చెప్పుదురు. రాజుగారి సోదరియు, తరువాత రాణియు నైన లిలియుఒకలాని మాత్రము "ఇచటికి వచ్చిన కానుక" యని చెప్పెను. నాకు రాణిగారి అర్థమే నచ్చినది.

ఈ వాద్యపు నాలుగు తీగలకు నేడు సాధారణముగా జి, సి, ఇ, ఎ అను స్వరములు కూర్తురు. వ్రేళ్లను మెట్లపై ఒక్కొక్క అమరికగా ఉంచి మీటినచో నాలుగు తీగలును ఒక్కసారి పలుకును. ఆ స్వరకూటమునే కార్డ్ అందురు. కేపో యనగా తీగలన్నిటిని ఒకే మెట్టున అడ్డముగా నొక్కిపట్టు బిగింపు. తీగ కురుచయైనచో స్వరము హెచ్చునని వీణ యెరిగినవారికి చెప్పనక్కరలేదు. మెట్టున కొక అరస్వరము చొప్పున పెరుగును. రెండవ మెట్టున బిగించినచో తీగలో తొమ్మిదింట ఇంచుమించు ఎనిమిది పాళ్లు మాత్రమే మ్రోగును. అప్పుడు వ్రేళ్లు పాత అమరికనే వేసినను శ్రుతి ఒక పూర్ణస్వరము పైకి పోవును.

ఇక మా యింటి సంగతి. మా అక్కకు ఏబదియెనిమిదేండ్లు. పడుచుతనమున 5 శ్రుతిలో, అనగా జి షడ్జమముగా, ధారాళముగా పాడెడిది. ముట్లుడిగిన పిమ్మట పలువురు స్త్రీలకు వలెనే ఆమె కంఠమును క్రిందికి దిగినది. పేరంటములలో తక్కినవారు పూర్వపు శ్రుతిలోనే ఎత్తుకొనగా, పైస్థాయి అందక చిన్నబోయి, నాలుగేండ్లుగా నోరు మెదపుట మానినది. మా అమ్మ పాడిన లాలిపాటలు రెండు ఆమె కొక్కతెకే వచ్చును. అవి ఏ పుస్తకమునను లేవు. ఆమె మౌనముతో అవియు అంతరించునని నాకు దిగులుగా నుండెను.

అక్క మనుమరాలు పండ్రెండేండ్ల పిల్ల. యుకులేలె మీద జి, సి, డి కార్డులతో 5 శ్రుతిలో పాటలు వాయించును. అమ్మమ్మ కంఠము 3 శ్రుతివద్ద, అనగా ఇ వద్ద, హాయిగా నిలుచుచున్నదని అది కనిపెట్టినది. కాని యుకులేలె మీద ఇ కార్డు పట్టుట పెద్దలకే కష్టము. కేపోయో శ్రుతిని పైకి ఎత్తునే కాని క్రిందికి దింపదు. మరి 5 నుండి 3కు దిగుట యెట్లు? పిల్ల మొదట సులువైన డి, జి, ఎ అమరికలకు దిగి, పిదప రెండవ మెట్టున కేపో బిగించినది. డి కార్డు ఇ యైనది, జి కార్డు ఎ యైనది, ఎ కార్డు బి యైనది. 3 శ్రుతి పాటకు కావలసిన మూడు కార్డులును అవియే.

"అమ్మమ్మా, నీవు పాడు, శ్రుతి నేను చూచుకొందును" అన్నది. అక్క పాడినది. మొదటి పాట నిండుగా వచ్చినది. రెండవ పాటలో ఒక చరణము ఎంత తలచుకొన్నను జ్ఞప్తికి రాలేదు. నాలుగేండ్ల మౌనమునకు మేము చెల్లించిన వెల ఆ చరణము. మిగిలినదంతయు ఆ రాత్రియే వ్రాసికొంటిని.

సంగీత మెరిగిన బంధువొకాయన దీనిని విని, కేపో చేతగానివారి ఊతకర్ర యనెను. ఆయన మాటలో కొంత నిజము లేకపోలేదు. కష్టమైన కార్డులు నేర్వకుండ ఎల్లప్పుడు కేపోనే నమ్ముకొన్నచో చేయి సాగదు; పిల్ల ఇ కార్డును సాధింపవలసినదే. కాని గాయకుని శ్రుతికి తంబుర సవరించుట తప్పా? ఫిడేలు తీగలు సవరించుట తప్పా? మెట్లను ప్రక్కకు జరిపి శ్రుతి మార్చు హార్మోనియములు మన యిండ్లలోనే యున్నవి. వాద్యము కంఠమును అనుసరించుట మన సంప్రదాయమునకు క్రొత్త కాదు. లాలిపాట సాదా నడక గలది గనుక కార్డులతో పొసగినది. గమకములతో నిండిన కీర్తనకు తంబురయే తగును.

కేపో కొనదలచినవారికి నాలుగు మాటలు. యుకులేలెకై చేసిన తేలికదానినే కొనుడు. గిటారు కేపో బరువునకు చిన్న వాద్యము తల వాల్చును. మెట్టు కమ్మికి వెనుక, మిక్కిలి దగ్గరగా బిగింపుడు, కమ్మిమీదికి ఎక్కింపరాదు. వదులైనచో తీగ గరగరలాడును. అతిగా బిగిసినచో స్వరము చెడి హెచ్చును. బిగించిన పిదప ఒక్కొక్క తీగను మీటి శ్రుతి సరిచూచుకొనుడు. చిన్న వాద్యముపై ఐదవ మెట్టు దాటినచో వ్రేళ్లకు చోటు చాలదు. వాయించుట ముగియగానే తీసివేయుడు.

సోదరీమణులారా! మీ యింట పాట మానుకొన్న తల్లియో, అత్తయో, అక్కయో యుండినచో పాడుమని బలవంతపెట్టకుడు. ఇప్పుడామె శ్రుతి యెక్కడ నిలుచుచున్నదో మొదట వినుడు. వాద్యమును అచటికి చేర్చుట పెద్ద పనికాదు. మరచిన చరణమును తిరిగి తెచ్చుటయే ఎవరి తరమును కాదు.