తెర యిచ్చట, యంత్ర మచ్చట

వంట యొకచోటను, వడ్డన వేరొకచోటను జరుగుట మనకు వింత కాదు. కంప్యూటరు విషయమునను అట్లే జరుగునని మాత్రము 2020వ సంవత్సరపు వేసవివరకు నే నెరుగను.

ఆ యేడు ఉగాదికి హైదరాబాదునుండి కొవ్వూరు వచ్చిన మా తమ్ముడు, పండుగనాడే, అనగా మార్చి 25వ తేదీన, దేశమంతట రాకపోకలు నిలిచిపోవుటచే మాయింట చిక్కుపడెను. కట్టడముల నమూనాలు గీయుట అతని వృత్తి. అందుకు వలసిన పెద్ద యంత్రము హైదరాబాదు కార్యాలయమున నుండిపోయెను. మాయింట నున్నదో, మావారు ప్రశ్నపత్రములు సిద్ధపరచుకొనుటకు ఒకరు వాడినదానిని చౌకగా కొన్న కంప్యూటరు. పని సాగనిచో జీతము సాగునా యని మా అత్తగారు బెంగగొనిరి.

ఒకనాటి రాత్రి తమ్ముడు కార్యాలయమువారి యనుమతి పొంది, ఆ పాత యంత్రమున ఒక్క పంక్తి ఆజ్ఞ వ్రాసి, రహస్యపదము నిచ్చెను. కొంతసేపటికి ఒక కిటికీ తెరచుకొనెను. అందు ఏడంతస్తుల మేడ గీతలలో నిలిచియుండెను.

“మన ముసలి యంత్రమునకు యౌవనము వచ్చినదా?” అంటిని.

“లేదక్కా! లెక్కలన్నియు హైదరాబాదులోని యంత్రమే చేయుచున్నది. ఇక్కడికి వచ్చునది బొమ్మ. ఇక్కడినుండి పోవునవి నా మీటల నొక్కుళ్లు, మౌసు కదలికలు. అంతే” అని వాడు నవ్వెను. దూరము పెద్దదగుటచే బొమ్మ మెల్లమెల్లగా వచ్చుచుండెను. మీట నొక్కి రెండు క్షణము లాగవలసివచ్చెడిది. అయినను పని సాగెను, జీతమును సాగెను.

ఈ కిటికీల పద్ధతికి ‘ఎక్స్ విండో’ యని పేరట. అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాసంస్థలో 1984లో పుట్టెను. దారిలో నెవ్వరును చూడకుండ దానికి ముసుగు వేసి పంపు ఎస్‌ఎస్‌హెచ్ అను సాధనమును 1995లో ఫిన్లాండు దేశమున తాతూ యులోనెన్ అను నాతడు నిర్మించెను. తన విశ్వవిద్యాలయపు వలలో నెవరో దొంగచాటుగా రహస్యపదములను పట్టుకొనుటయే యందులకు కారణమట.

అన్నిటికంటె నాకు నచ్చినది ఒక పేరు. ఈ పద్ధతిలో ‘సర్వరు’, అనగా సేవచేయునది, దూరముననున్న గొప్ప యంత్రము కాదు. తెరయు, మీటలును గలిగి, వచ్చిన ప్రోగ్రామునకు చోటిచ్చు మాయింటి ముసలి యంత్రమే సర్వరు! ఆ గొప్ప ప్రోగ్రాము అతిథి, మనది ఆతిథ్యము. ఇది విని గృహిణినగు నేను గర్వపడితిని. తమ్ముడు వెంటనే హెచ్చరించెను: “అక్కా, లోనికి వచ్చిన అతిథి మన తెరపై నున్న తక్కిన కిటికీలనుగూడ చూడగలడు, మనము నొక్కు మీటలను గుర్తింపగలడు. తెలిసిన యంత్రమునకే చోటీయవలెను.” నేను తల యూపితిని, కాని మనసున నిలుపుకొనలేదు.

నిరుడు ఆ మరుపునకు ఫలము ననుభవించితిని. విద్యుచ్ఛాఖవాడనని చెప్పుకొని యొకడు ఫోను చేసి, మా బిల్లు జమ కాలేదనియు, ఆ రాత్రియే దీపము లారిపోవుననియు బెదరించెను. అతడు చెప్పిన యాప్‌ను ఫోనున పెట్టుకొని, అందు కనబడిన అంకెలను చదివి వినిపించితిని. పది రూపాయలు కట్టుమనగా కట్టితిని. నేను నొక్కిన ప్రతి యక్షరమును అతడు తన తెరపై చూచుచుండెను. అమ్మాయి పాలిటెక్నిక్ రుసుమునకై దాచిన పదునెనిమిది వేలు గడియలో మాయమయ్యెను. సన్న్యాసివేషమున భిక్ష కోరి వచ్చిన రావణుని కథ చిన్ననాడే నాయనగారివద్ద చదివితిని. చదువు అక్కరకు రాలేదు.

పద్ధతి యొక్కటే, దిక్కు మారినది. నాడు మనమే పిలిచితిమి. దూరపు యంత్రము మనకు పనిచేసెను. ఈమారు వాడు పిలిచెను; నా ఫోనే వానికి దూరపు యంత్రమయ్యెను. ఇట్టి మోసములను గూర్చి రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే హెచ్చరించియుండెనని తరువాత తెలిసినది.

సిగ్గుచే మూడు దినములు మావారికి చెప్పలేదు. సొమ్ము పోవుటకంటె ఆ మూడు దినములే పెద్ద తప్పు. వెంటనే 1930 అను సంఖ్యకు ఫోను చేసినచో సొమ్ము చేతులు మారకమునుపే నిలుపు నవకాశ ముండెడిది. నే నాలసించితిని, అది తిరిగి రాలేదు. విషయము విని మావారు కసరలేదు. “బడిలో పిల్లలకు తప్పు దాచవద్దని చెప్పుదును, ఇంటిలో చెప్ప మరచితిని” అని మాత్ర మనిరి.

దొంగ వచ్చెనని అతిథులను మానుదుమా? నేడు మా అమ్మాయి అదే ముసలి యంత్రముముందు కూర్చుండి, మేనమామ యింటనున్న కంప్యూటరుపై తన పాఠపు నమూనాలు గీయుచున్నది. క్రొత్త యంత్రము కొనుటకు నా గాజులు కుదువబెట్టవలసిన పని లేకపోయెను. సోదరీమణులారా! ఇట్టి తలుపు తెరచుటకు ముందు పిలిచిన దెవరో, పనిచేయు యంత్ర మెవరిదో, మన తెరను చూచున దెవరో విచారింపుడు. మోసపోయినచో సిగ్గుపడి దాచకుడు. ఆ గడియలోనే చెప్పుడు.