సింకు కింద దొరికిన పాఠం

బక్రీద్ గడిచిన నాలుగైదు రోజులకే మా అబ్బాయి ఇంట్లో వంటింటి సింకు మొరాయించసాగింది. పూర్తిగా మూసుకుపోలేదు. గిన్నెలు కడిగితే నీరు సగం దాకా నిలిచి, నిదానంగా దిగేది. అంచుల వెంట జిడ్డు మిగిలేది.

అబ్బాయి కుటుంబం మాదాపూర్‌లో, దుర్గం చెరువుకు దగ్గరలో, అద్దె ఫ్లాటులో ఉంటుంది. మదరసా సెలవులు కావడంతో నేనూ నా భార్యా అక్కడే ఉన్నాము. కోడలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. పొద్దుపోయే దాకా కంప్యూటరు ముందు పని చేసి, ఆ తరువాత హడావిడిగా గిన్నెలు కడుగుతుంది. సింకు ఎందుకు పాడయిందో నాకు అర్థమైపోయిందనుకున్నాను. ఒక సాయంత్రం నా భార్యతో, “ప్లేట్లలోని మెతుకులు తీయకుండానే కడుగుతుంది. చెబితే నొచ్చుకుంటుందని ఊరుకుంటున్నాను” అన్నాను. ఎదుట చెప్పకపోవడాన్ని సౌమ్యత అనుకున్నాను. వెనుక చెప్పడాన్ని ఏమంటారో ఆ క్షణంలో గుర్తు రాలేదు. హుజురాత్ సూరా నిషేధించిన దురనుమానం గురించీ, పరోక్షనింద గురించీ ఏళ్ళ తరబడి విద్యార్థులకు పాఠం చెబుతున్నవాణ్ణి నేను!

ఆదివారం అబ్బాయి గొట్టాలు శుభ్రం చేసే పొడి తెచ్చాడు. పొట్లం మీది హెచ్చరికలు చదివి వద్దన్నాను. అందులోని కాస్టిక్ సోడా నీటిలో కలిస్తే విపరీతమైన వేడి పుడుతుంది. ఒక్క చుక్క కంట్లో పడినా చూపుకే ప్రమాదం. అడ్డు తొలగకపోతే ఆ నీరు గొట్టంలోనే నిలిచి, తరువాత విప్పేవాడి చేతులు కాలుస్తుంది. ఇక యాసిడ్‌నూ బ్లీచింగ్‌నూ కలిపితే వెలువడేది క్లోరిన్ విషవాయువు.

ముందు ఎక్కడ అడ్డుపడిందో చూద్దామనుకున్నాము. స్నానాలగదిలో వాష్‌బేసిన్ నీరు చకచకా పోతున్నది. అంటే ఆటంకం వంటింటి గొట్టంలోనే ఉంది. సింకు జాలీ తీసి కడిగాము, మార్పు లేదు. రబ్బరు పంపుతో పదిసార్లు నొక్కి లాగాము. నీరు కాస్త కదిలి మళ్ళీ నిలిచింది. ఇక మిగిలింది సింకు కింది వంపు.

ఆ వంపులో ఎప్పుడూ కొంత నీరు నిలిచి ఉండాలి. మురుగువాసనను ఇంట్లోకి రానీయని తలుపు అదే. 1775లో అలెగ్జాండర్ కమింగ్ అనే గడియారాల నిపుణుడు ఇటువంటి వంపు గొట్టం గల మరుగుదొడ్డికి బ్రిటన్‌లో పేటెంటు పొందాడు. అయితే వాసనను ఆపే ఆ వంపులోనే చెత్త కూడా ఆగుతుంది.

కింద బకెట్ పెట్టి, మరను చేత్తో తిప్పి విప్పాము. కోడలు టార్చి పట్టుకుంది. లోపల ఒక్క మెతుకైనా లేదు. మైనంలా గట్టిపడిన తెల్లటి కొవ్వు మాత్రం ఉంది.

నాకు చెమట పట్టింది. పండుగ రెండవ రోజు ఆడవాళ్ళు అలసిపోయారని మాంసం వండిన పెద్ద గిన్నెను నేనే కడిగాను. దైవప్రవక్త (స) ఇంటి పనుల్లో పాలుపంచుకునేవారని తలచుకుంటూ, కొంత గర్వంగానే కడిగాను. అడుగున పేరుకున్న కొవ్వును మరిగే నీళ్ళతో కరిగించి సింకులో వంపేశాను. కరిగిన కొవ్వు చూపుకు నీరులాగే ఉంటుంది. గొట్టంలో చల్లబడగానే తన అసలు రూపం దాల్చుతుంది.

“ఇది నేను పోసిందే బేటీ” అన్నాను.

“మళ్ళీ వేడినీళ్ళు పోసి కిందికి తోసేద్దామా అబ్బాజాన్?” అని అడిగింది.

తోసేస్తే మన కంటి ముందు నుంచి మాత్రమే పోతుంది. కింద ఏ ఛాంబరులోనో, వీధి మ్యాన్‌హోల్‌లోనో మళ్ళీ గడ్డకడుతుంది. దాన్ని తీయడానికి ఎవరో ఒకరు దిగవలసి వస్తుంది. రక్షణ లేకుండా మనుషులను మురుగు కాలువల్లోకి దించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. అయినా చావులు ఆగలేదు. 2015 నవంబరులో కేరళలోని కోజికోడ్‌లో ఇద్దరు ఆంధ్ర కార్మికులు మ్యాన్‌హోల్‌లో చిక్కుకుంటే, వారిని కాపాడటానికి నౌషాద్ అనే ఆటో డ్రైవరు లోపలికి దిగాడు. ముగ్గురూ చనిపోయారు. దారిలోని ముల్లును తొలగించమని మనం పిల్లలకు చెబుతాము. ఒకరి దారిలో ముల్లు వేయకుండా ఉండటం అంతకన్నా ముందు నేర్వవలసిన పని.

కొవ్వును కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేశాము. వాషరును సరిగా కూర్చి, మర బిగించి, నీరు వదిలి చూశాము. చుక్క కారలేదు, నీరు గలగలా దిగిపోయింది. ఇప్పుడు ఆ ఇంట్లో జిడ్డు గిన్నెలను కాగితంతో తుడిచాకే కడుగుతున్నారు. మిగిలిన కొవ్వును చల్లార్చి, గడ్డకట్టాక చెత్తలో వేస్తున్నారు.

గొట్టం అరగంటలో బాగుపడింది. నేనన్న మాట మాత్రం అలాగే మిగిలింది. మొదట నా భార్య దగ్గరకు వెళ్ళి, నా అనుమానం తప్పని చెప్పాను. తరువాత కోడలిని పిలిచి, జరిగింది చెప్పి, క్షమించమని అడిగాను.

ఆమె తల వంచుకుని, “ఆ మాట ఆ రోజే విన్నాను అబ్బాజాన్. ఈ ఇంట్లో హాలుకూ వంటింటికీ మధ్య తలుపు లేదు కదా! అప్పటి నుంచి ఒక్క మెతుకైనా సింకులో పడనివ్వలేదు” అన్నది.

వంపులో మెతుకులు ఎందుకు లేవో నాకు అప్పుడు తెలిసింది.