నకలు ఓడ, అసలు పుచ్చు

బేయాన్ దగ్గర డ్రై డాక్‌లో ఎర్మియోన్‌ని చూసినప్పుడు అది ఓడలా లేదు. పక్క చెక్కలు ఊడదీసి ఉన్నాయి, లోపలి పక్కటెముకలు బయటికి కనిపిస్తున్నాయి.

1780లో లఫాయెత్‌ని బోస్టన్‌ చేర్చిన ఫ్రెంచ్ యుద్ధనౌకకి ఇది నకలు. అసలుదాన్ని రోష్‌ఫోర్‌లో ఏడాది లోపే కట్టేశారు. 1793లో అది రాళ్లకి కొట్టుకుని మునిగిపోయింది. నకలుని అదే ఊళ్లో 1997లో మొదలుపెడితే, సముద్రం మీదికి వెళ్లింది 2014లో. రెండువేల ఓక్ చెట్లు పట్టాయి. డబ్బులో చాలా భాగం, కడుతుండగా చూడ్డానికొచ్చిన జనం టికెట్లు. 2015లో అట్లాంటిక్ దాటి అమెరికా వెళ్లొచ్చింది. 2021లో మరమ్మతులకి తెస్తే, చెక్కని లోపల్నుంచి ఫంగస్ తినేస్తోందని తెలిసింది.

నకలేగా, వదిలేయొచ్చు కదా అనిపించింది. ఆ మాట ఇదివరకు కూడా అన్నాను. ఊళ్లో మా మండువా ఇంటి దూలాలకి చెదలు పట్టినప్పుడు, “కొట్టించేద్దాం నాన్నా, స్లాబ్ వేయిద్దాం” అని ఫోన్లోనే తేల్చేశాను. ఆయన “నీ ఇష్టంరా” అన్నాడు. నేను దాన్ని ఒప్పుకోలు అనుకున్నాను.

ఇక్కడేమో పుచ్చిన చెక్క తీసి, అదే కొలతకి కొత్తది చెక్కి పెట్టడానికి చూస్తున్నారు. కాపాడుతున్నది ఓడనా, ఆ చెక్కడం తెలిసిన చేతులనా?

ఆ రాత్రి నాన్నకి ఫోన్ చేశాను. “మన దూలాలు ఏం కలప నాన్నా?”

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, “మద్ది. మీ తాత బండి మీద తోలుకొచ్చాడు,” అంటూ మొదలుపెట్టాడు. అరగంట ఆపలేదు.