మూతి వంకర పోతే

ఒకసారి ఈల వేసి చూడండి. (ఇంట్లో వాళ్ళు నవ్వితే నవ్వనివ్వండి.) సంచి మూతికి బిగించే తాడులా మన పెదవుల చుట్టూ ఒక కండరం ఉన్నది. ఆర్బిక్యులారిస్ ఓరిస్ అంటాము. చంటిబిడ్డ పాలు తాగాలన్నా, మీరు ‘అమ్మ’ అనాలన్నా అదే పనిచేయాలి. నవ్వించే కండరాలు వేరు. అన్నిటినీ నడిపేది ముఖానికి చెరొక పక్కన ఉన్న ఏడవ నాడి.

ఆ నాడి ఒక పక్క వాచి పడిపోతే పుక్కిలించిన నీళ్ళు ఆ పక్కనుంచి కారిపోతాయి, మూతి రెండో పక్కకు లాగేస్తుంది. ఇది బెల్స్ పాల్సీ. ‘గాలి సోకింది డాక్టరుగారూ’ అంటూ వారం రోజులు పసర్లు పూసి అప్పుడు వచ్చేవారిని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ప్రెడ్నిసొలోన్ మాత్రలు 72 గంటల లోపల మొదలుపెట్టాలి. మూతపడని కన్ను ఎండిపోకుండా చుక్కల మందు వేయాలి.

అయితే అన్ని మూతి వంకరలూ ఇవే కావు. నుదుటికి మెదడు రెండు సగాల నుంచీ ఆజ్ఞలు అందుతాయి. కనుక నుదురు మామూలుగా ముడతలు పడుతూ మూతి మాత్రమే వంకరపోతే పక్షవాతం కావచ్చును. చెయ్యి పట్టు తప్పినా, మాట తడబడినా నుదురు చూస్తూ కూర్చోకండి, వెంటనే 108కి ఫోను చేయండి. రక్తపు గడ్డను కరిగించే ఇంజక్షను మామూలుగా 4.5 గంటల లోపలే ఇవ్వాలి. మూతి ఎన్ని గంటలకు వంకరపోయిందో గుర్తుపెట్టుకుని రండి. మేము మొదట అడిగేది అదే.