పడావు ఏడు

మా అన్న కూతురు గ్యాప్ ఇయర్ తీసుకుంటానంది.

2024 వినాయక చవితి వెళ్లిన వారం అనుకుంటాను, సిర్గాపూర్‌లో మా ఇంటి ముందర పెసలు ఎండబోసి అందరం అరుగు మీద కూర్చున్నాం. నేను హైదరాబాదు నుంచి వెళ్లి రెండు రోజులయింది. పిల్ల ఆ మాట అనగానే మా అన్న, "గ్యాపా? ఏడ?" అని గోడవంక చూశాడు, వానలకి ఎక్కడైనా బీట ఇచ్చిందేమో నన్నట్టు.

గోడకి కాదు, చదువుకీ జీవితానికీ మధ్య. ఒక ఏడాది అన్నీ పక్కన పెట్టి దేశం చూసి రావడం ఇంగ్లండు పిల్లలకి 1960ల నుంచీ అలవాటే. ఇప్పుడు ఆస్ట్రేలియా వాళ్లు మన పిల్లలకీ ఆ తలుపు తెరిచారు. పద్దెనిమిది నుంచి ముప్పై ఏళ్ల లోపు వాళ్లు ఏడాదిపాటు అక్కడ తిరగొచ్చు, ఖర్చులకి చిల్లర పనులు చేసుకోవచ్చు. మనవాళ్లకి ఏటా 1000 వీసాలు. అడిగేవాళ్లు ఎక్కువ గనక లక్కీ డిప్పు. 2024 అక్టోబరులో మొదటిసారి పేర్లు తీసుకున్నారు. ఇరవై అయిదు డాలర్లు కట్టి మా పిల్ల కూడా పేరిచ్చింది. అదృష్టం తలుపు తట్టడం అనే మాట నా నవలల్లో వాడీ వాడీ అరగదీశాను. మా ఇంటికి మాత్రం అది కొన్ని నెలల తర్వాత ఈమెయిల్లో వచ్చింది.

అంతకుముందు ఆ అరుగు మీద జరిగిన సంభాషణ చెప్పాలి.

"సదువుకు పోతవా?" అన్నాడు మా అన్న.

"కాదు బాపూ."

"నౌకరికా?"

"కాదు. చూడనీకి. నడుమ నడుమ పని జేస్త."

"ఏం పని?"

"తోటలల్ల పండ్లు తెంపుడు."

మా అన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మన చేన్ల పత్తి ఏరమంటే నడుము పడిపోయిందంటివి గదనే! ఇప్పుడు సముద్రం దాటి కూలికి పోతవా?" అన్నాడు.

నేను నవ్వాను. వదిన కొంగు అడ్డం పెట్టుకుంది. ఆయన నవ్వలేదు. అక్కడ ఇబ్బంది పడకుండా ఉండడానికి అయిదువేల డాలర్ల దాకా చేతిలో ఉన్నట్టు చూపించాలి. మన లెక్కలో ఇంచుమించు మూడు లక్షలు. అంత డబ్బు బ్యాంకులో పిల్ల పేరు మీదే ఉంది. అది ఎందుకోసం వేసి పెట్టిందో మా ఇంట్లో ఎవరూ పైకి అనక్కర్లేదు.

నిజానికి మన ఆడపిల్లలకి గ్యాప్ ఇయర్ కొత్తదేమీ కాదు సుమండీ. నా బి.ఏ. అయ్యాక నాకూ ఒకటి దొరికింది. పరీక్షా ఫలితాలకీ పెళ్లి ముహూర్తానికీ మధ్య ఏడాది. ఆ ఏడాదిలో నేను చూసిన దేశాలు, చాయ్ పళ్లెం పట్టుకుని నడిచిన వంటింటికీ ముందు గదికీ మధ్య ఉన్నాయి. అందుకేనేమో, పిల్ల తరఫున వకాల్తా పుచ్చుకున్నాను.

"ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న మద్రాసులో బయల్దేరి కాశీ వెళ్లి, 1831 సెప్టెంబరులో గానీ తిరిగి రాలేదన్నా. పదిహేను నెలలు! ఆయన చూసినవన్నీ రాశాడు గనకే తెలుగులో కాశీయాత్ర చరిత్ర మిగిలింది. ఆడవాళ్లు మాత్రం పోలేదా? పోతం జానకమ్మ గారు 1870లలోనే మద్రాసు నుంచి ఇంగ్లండు పోయి వచ్చి పుస్తకం రాసింది" అన్నాను.

మా అన్న నిదానంగా అడిగాడు. "ఆయన నౌకరి ఇడిశిపెట్టి పోయిండా?"

"లేదు. కోర్టులో దుబాసీ పని. సెలవు పెట్టి వెళ్లాడు."

"గదే నేననేది. ఇది నౌకరి ఇడిశిపెట్టి పోతనంటున్నది. వచ్చినంక ఎవడిస్తడు?"

నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

అప్పటిదాకా పెసల్లో రాళ్లు ఏరుతున్న మా అమ్మ తల ఎత్తకుండానే అంది. "మీ బాపు పైన చెల్క రెండేండ్లకోపారి పడావు పెడుతుండె. యాదికున్నదా? ఊళ్లోళ్లంత నవ్విండ్రు, పిచ్చోడని. మరుసటేడు జొన్న ఎవరికి మంచిగొచ్చె?"

పడావు అంటే తెలియనివాళ్లకి చెబుతాను. చేనుని ఒక ఏడు దున్నకుండా, విత్తకుండా ఊరికే వదిలెయ్యడం. నేల ఊపిరి పీల్చుకుంటుంది. నా పుస్తకాలతో మా అన్నని గెలవలేను గానీ, నేల మాట వస్తే ఆయన ఎదురు చెప్పడు. చాలాసేపటికి, "పడావు పెట్టిన చేను యాడికీ పోదు గదా! ఇది తిరిగొస్తదా?" అని మాత్రం అన్నాడు. అప్పుడర్థమయింది, మూడు లక్షల గురించి కాదు ఆయన బెంగ.

మావాళ్లకి ఊరు దాటడమంటే భయమని అనుకునేరు. మా నారాయణఖేడు తాలూకా 1956 దాకా బీదరు జిల్లాలో ఉండేది. తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో మెదకు జిల్లా అయింది. 2014లో తెలంగాణ, 2016లో సంగారెడ్డి జిల్లా. కాలు కదపకుండా మా అమ్మావాళ్లు మూడు రాష్ట్రాలు, మూడు జిల్లాలు తిరిగారు!

వీసా వచ్చింది. 2025 దసరా వెళ్లాక ప్రయాణం. పెట్టె సర్దుడు మొదలయింది. ఆ దేశంలో దిగేటప్పుడు తిండి వస్తువు ఏది పట్టుకెళ్లినా కాగితం మీద రాసి చూపించాలి. దాచితే జరిమానా. ఆ సంగతి తెలిశాక కూడా పండుమిరప తొక్కు, నువ్వుల పొడి, పల్లి పొడి, సకినాలు పెట్టె చుట్టూ చేరాయి. పెసలు తూచే కాంటా మీద పెట్టెని నాలుగుసార్లు తూచారు. ప్రతిసారీ పిల్ల ఒక పొట్లం తీసేది, వదిన ఇంకోటి పెట్టేది.

ఆ సమయానికి మా చేలో పనికి వచ్చే తండా ఆవిడ వచ్చింది. ఆమె, భర్త ఏటా దసరా దాటాక చెరుకు కొట్టడానికి వెళ్లి మళ్లీ ఉగాదికి గానీ రారు. పెట్టె చూసి నడుము మీద చెయ్యి పెట్టుకుంది.

"నీ రెండు చేతులు మోసినంతనే పట్టుకపో బిడ్డా. మొదటి రాత్రి తినేది మీదనే పెట్టుకో, చీకట్ల మూట ఇప్పొద్దు. దిగంగనే నీళ్లు ఏడున్నయో చూసుకో. ఇంటి తాళం ఎవరికిచ్చినవో యాదుంచుకో."

నెల రోజులుగా మేం చెప్పిన సలహాల్లో ఒక్కటీ వినని పిల్ల ఇవన్నీ ఫోనులో రాసుకుంది.

"అడ్వాన్సు ఎంత ఇచ్చిండ్రు?" అని అడిగిందామె.

"అడ్వాన్సు లేదు. నేనే పైసలు కట్టి పోతున్న."

"పైసలు కట్టి కూలికి పోతున్నవా!" అని ఆమె పకపకా నవ్వింది. పిల్ల కూడా నవ్వింది గానీ, కాస్త ఆలస్యంగా. కూతురు చదువు పోతోందని ఈసారి దాన్ని హాస్టల్లో వేశారట. మా అమ్మ చేతిలో తాళంచెవి పెట్టి వెళ్లిపోయింది. ఏటా ఆర్నెల్లు ఇల్లు వదిలే ఆ మనిషి ప్రయాణానికి ఎవరూ పేరు పెట్టలేదు. పడావు పెట్టాలన్నా ముందు మిగులు భూమి ఉండాలని నాకు ఆవేళ తట్టింది. అరుగు మీద నేను చేసిన వాదనలో ఈ మాట లేదు.

శంషాబాదుకి వెళ్లే రోజు దారిలో ఒక లారీ మా కారుకి ముందు పోయింది. వంట గిన్నెలు, గోనె మూటలు, వాటి మీద కూర్చున్న పిల్లలు. చెరుకుకే కాబోలు. లారీ మలుపు తిరిగేదాకా మా పిల్ల అటే చూస్తూ కూర్చుంది. ఏమీ అనలేదు.

విమానాశ్రయంలో మనల్ని గుమ్మం దగ్గరే ఆపేస్తారు. వదిన ఏడ్చింది, నేను జాగ్రత్తలు చెప్పాను. మా అన్న మాత్రం, "తాళం ఎవరికిచ్చినవ్?" అన్నాడు.

పిల్ల హైదరాబాదులో తన గది ఖాళీ చేసి, సామాను సర్దిన బీరువా తాళంచెవి తీసి ఆయన చేతిలో పెట్టింది. "నీకే బాపూ."

నెల తిరక్కుండా ఫోను వచ్చింది. తోటలో పని దొరికిందట. నడుము పడిపోయిందట. "మన పత్తి కూడ ఇంక అయిపోలే, చెప్పు దానికి" అన్నాడు మా అన్న, ఫోను వదిన చేతికిస్తూ.

ఇప్పుడు మా ఇంట్లో దేవుడి గూటి పక్కన మేకుకి రెండు తాళంచెవులు వేలాడుతున్నాయి. ఒకటి ఉగాదికి దిగుతుంది. రెండోది దసరా దాకా ఉండాలి. మా అన్న పొద్దున్నే ఆ రెంటినీ గుడ్డతో తుడుస్తాడట. ఎందుకని అడిగితే, "తుప్పు పడ్తయి" అంటాడట.