బిడ్డకు తగిన చికిత్స

ఆటిజం గల బిడ్డ భయంతో వణికితే మొండితనమని దండించేవారినీ, గాలి సోకిందని తావీజు కట్టించేవారినీ పల్నాటిలో మేము నేటికీ చూస్తున్నాము. ఆటిజం జన్మతః మెదడు పనితీరులో ఉండే భేదం. దానికి తోడుగా వచ్చే ఆందోళనకు చికిత్స ఉంది.

అయితే ఆ చికిత్స బిడ్డకు తగినట్టు మారాలి. ‘నీ మనసులో ఏముంది?’ అంటే చాలామంది మాటల్లో బదులివ్వలేరు. అందుచేత నిపుణులు భయాన్ని 1 నుండి 10 వరకు అంకెలతో చూపమంటారు, బొమ్మలు వాడతారు, తరువాత ఏమి జరుగుతుందో ముందే తెలుపుతారు.

నరసరావుపేటలో మా విద్యార్థి ఒకడు మైకు మోగగానే చెవులు మూసుకొని పారిపోయేవాడు. తండ్రి చదువు మాన్పించబోయారు. మేము అతణ్ణి మైకుకు దూరంగా కూర్చోబెట్టి, పాఠాల వరుసను పలకపై వ్రాసి ఉంచాము. నేడు నిలకడగా చదువుతున్నాడు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం జాబితాలో ఆటిజం ఉంది. దుఆ చేద్దాం, వైద్యుని వద్దకూ వెళదాం. బిడ్డ అల్లాహ్ మనకప్పగించిన అమానతు.